నాలుగో లేన్ గోడ దగ్గర

అక్టోబర్ 8

దసరా సెలవులైపోయాయి. తొర్రూరులో తెల్లవారి బస్సు, ఉప్పల్‌లో దిగడం, మెట్రో, తార్నాక. సంచి బరువుకు భుజం వాచింది. హాస్టల్ గది తలుపు తీయగానే మంచం మీద నుంచే కవిత — "తెచ్చినవా?" నన్ను కాదు, రొట్టె, బెల్లం కలిపి అమ్మ చేసిన మలీద ముద్దల్ని అడిగింది.

ఇది కొత్త నోట్‌బుక్కు. ఎంఏలో మాకు వచనం చెప్పే విమల మేడమ్ సెలవులకు ముందే చెప్పారు — రోజూ రాయండి, ఎవరికీ చూపించకండి. "ముందు చూసింది రాయండి. అనుకున్నది తర్వాత. రెండూ కలిపేస్తే అబద్ధం అక్కడే మొదలవుతుంది."

సరే. చూసింది: కిటికీ బయట నెమలి. తోక లేదు. రాలిపోయి బోసిగా ఉంది. అయినా అదే నడక.

అక్టోబర్ 9

ఆరింటికి పూల్. నీళ్లు చల్లబడ్డాయి.

కోచ్ యాదగిరి సార్ విజిల్ నోట్లో పెట్టుకునే నవ్వాడు. "ఏం రజితా, బతుకమ్మ ఆడి ఆడి మల్ల గుండ్రంగ తిరుగుడు షురూ జేసినవా?"

నిజమే, లేన్‌లో పక్కకు పోతున్నాను. వ్యవసాయ బావిలో ఈత నేర్చుకున్నవాళ్లం తిన్నగా పోలేం. బావిలో తిన్నగా పోవడానికి చోటేది? నాలుగు బారలు వేస్తే రాతిగోడ. అందుకే చుట్టూ తిరుగుతాం. బావిలో దూరం లేదు, లోతే. పూల్‌లో లోతు లేదు, దూరమే. (ఈ రెండు వాక్యాలూ నాకే నచ్చాయి. నచ్చాయి కాబట్టి అనుమానం.)

అక్టోబర్ 11

ఈతలు నాలుగు రకాలు. నాది బ్రెస్ట్‌స్ట్రోక్. మా ఊర్లో దాన్నే కప్ప ఈత అంటాం. అమ్మ నేర్పింది. నడుముకు ఖాళీ నూనె డబ్బా కట్టి, గడ్డం కింద చేయి పెట్టి. అప్పుడు నాకు ఏడేళ్లు.

ఈ ఈతకు ఒక నియమం ఉంది. గోడ దగ్గరికి వచ్చినప్పుడు రెండు చేతులూ ఒకేసారి గోడకు తగలాలి. ఒక చేయి ముందు, ఒకటి వెనక అయితే ఆ ఈత లెక్కలోకి రాదు. మూడున్నర నిమిషాల కష్టం అక్కడికక్కడే సున్నా.

బావిలో అలా ఎవరు చేస్తారు? బావిలో గోడ అంటే మెట్టు. మెట్టు అంటే ప్రాణం. ఏ చేయి ముందు అందితే ఆ చేత్తో పట్టుకుంటాం. నేను వచ్చిన కొత్తలో ప్రతి మలుపులో కుడిచేయి ముందుకు పోయేది. సార్ నెత్తి పట్టుకునేవాడు — "గది మెట్టు గాదు బిడ్డా, గోడ! పట్టుకోవద్దు, తాకాలె!"

ఆ అలవాటు మాన్పించింది లేఖక్క.

అక్టోబర్ 12

లేఖక్క గురించి రాయాలి. శ్రీలేఖ. ఎమ్మెస్సీ ఆఖరి సంవత్సరం. వాళ్లది కాకినాడ వైపు, నాన్నగారిది బ్యాంకు ఉద్యోగం. ఇల్లు తార్నాకలోనే, మెట్రో స్టేషన్‌కు ఐదు నిమిషాలు. ఆరేళ్ల వయసు నుంచీ కోచింగ్. ఆమె ఈదుతుంటే నీళ్లకు తెలియదు. నేను ఈదితే పూల్ మొత్తానికి తెలుస్తుంది.

ఆగస్టు అంతా రోజూ పది నిమిషాలు నాకోసం ఆగేది. గోడకు చెక్కబోర్డు ఆనించి పట్టుకునేది. "చూడకు, విను. రెండు అరచేతులూ కలిసి తగిలితే ఒక్కటే చప్పుడు వస్తుంది. ముందూ వెనకా అయితే రెండు వస్తాయి. నాకు ఒక్క చప్పుడు కావాలి."

టప్–టప్.

"రెండు. మళ్లీ."

టప్–టప్.

"రెండు! ఏంటే, తలుపు కొడుతున్నావా? మళ్లీ!"

మూడు వారాల తర్వాత ఒకరోజు — టప్. ఆమె అరిచిన అరుపుకు లైఫ్‌గార్డ్ లేచి నిలబడ్డాడు.

అక్టోబర్ 17

ఈ రోజు మాట: ఒరుసుకొని. గట్టును ఒరుసుకొని పోయే నీళ్లు. పలికితేనే చర్మం గరుకుగా అవుతుంది.

తేలిక అనే మాట తేలడం నుంచే వచ్చి ఉంటుందా? మేడమ్‌ను అడగాలి. నిజం కాకపోతే బాధపడతాను.

అక్టోబర్ 21

సార్ నోటీసు పెట్టాడు. నవంబర్ 8, శనివారం — ఇంటర్ యూనివర్సిటీ పోటీలకు ట్రయల్స్. రెండు వందల మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్‌కు ఇద్దరే. అందులో ఒక చోటు పోయినేడు పతకం తెచ్చిన సీనియర్‌ది, అందులో అనుమానం లేదు. మిగిలింది ఒకటి. ఆ ఒకటి నేనో లేఖక్కో. ఇంకెవరూ మా దరిదాపుల్లో లేరు.

నోటీసు ముందు ఇద్దరం పక్కపక్కనే నిలబడ్డాం. చదవడం ఎప్పుడో అయిపోయింది. ఇంకా చదువుతున్నట్టే నిలబడ్డాం.

"ఆకలేస్తోంది," అంది లేఖక్క. చౌరస్తా బండి దగ్గర ఇడ్లీ తిన్నాం. నోటీసు మాట ఎత్తలేదు.

అక్టోబర్ 22

బాపు ఫోన్. "గా పోటీకి పోతే సర్టిఫికెట్ ఇస్తరు గదా? నౌకరికి ఆటల కోటాల పనికొస్తది." వస్తది బాపూ.

కోటా సంగతి సరే. నాకు రైల్లో రెండు రాత్రులు పోవాలని ఉంది. వేరే రాష్ట్రం. వేరే నీళ్లు. నా పేరు పక్కన యూనివర్సిటీ పేరు పలికే మైకు. ఇది బాపుతో అనలేదు.

అక్టోబర్ 27

బజారుకు పోయేటప్పుడు మెట్రోలో లేఖక్క పైన వేలాడే పట్టీని ఎప్పుడూ కుడిచేత్తోనే పట్టుకుంటోంది. సంచి కూడా కుడి భుజానికే. ఇవాళ రైలు కుదిపినప్పుడు ఎడమచేయి ఎత్తబోయి ఆగిపోయింది. మొహం తెల్లబడింది.

"ఏమైందక్కా?"

"ఏం లేదు. భుజం. రెండు వారాలైంది." తర్వాత నా చెవి దగ్గరికి వంగి — "సార్‌కి చెప్పకే. ఇదే నాకు ఆఖరి ఏడాది. నీకు ఇంకోటుంది."

చెప్పనన్నాను.

నవంబర్ 3

కార్తీక సోమవారం. లేఖక్క వాళ్లింట్లో వాళ్లమ్మకు, నేను ఆంటీ అంటాను, ఉపవాసం. తాను తినదు, వచ్చినవాళ్లను మాత్రం వదలదు. "పెరుగు వేసుకోకుండా లేస్తావేంటమ్మా? అదేం తిండి, పిచ్చుక తిండి. ఈదేవాళ్లు ఇలా తింటే ఎలా?"

డాబా మీద తులసి దగ్గర దీపం. దూరంగా మౌలాలి గుట్ట, పైన దర్గా దీపాలు. నేనూ లేఖక్కా పిట్టగోడ మీద మోచేతులు ఆనించి నిలబడ్డాం. ఆమె కుడి మోచేయి ఒకటే ఆనించింది.

"ఎవరు వెళ్లినా మనం ఇలాగే ఉంటాం కదా?" అంది.

"ఉంటం."

అంత తొందరగా చెప్పకుండా ఉండాల్సింది. ఆలోచించి చెప్పినట్టు ఉండేది.

నవంబర్ 7

నిద్ర రాదు అనుకున్నాను. వస్తోంది.

నవంబర్ 8

అయిపోయింది. ఆమె పోతోంది. నేను పోవడం లేదు. అర సెకను కూడా లేదు తేడా.

తర్వాత రాస్తాను.

నవంబర్ 8, మధ్యాహ్నం

లైబ్రరీ. కూర్చున్నాను. చూసింది రాస్తాను.

మాకు ట్రయల్స్‌లో బయటి జడ్జీలు ఉండరు. ఆడపిల్లలం తొమ్మిది మందిమి, లేన్లు ఆరు. కాబట్టి రెండు జట్లు. ఒక జట్టు ఈదుతుంటే రెండో జట్టు తువ్వాలు కప్పుకొని అవతలి గోడ దగ్గర నిలబడి మలుపులు చూడాలి. ఎవరు ఏ లేన్ చూడాలో సార్ చీటీలు తీయిస్తాడు. తప్పు కనబడితే వెంటనే చేయి ఎత్తాలి. తప్పు లేకపోతే కాగితం మీద టిక్ పెట్టి సంతకం చేయాలి. ఇవతలి గోడ దగ్గర సార్ తానే కూర్చుంటాడు. ఏండ్ల నుంచీ ఇదే పద్ధతి.

మొదటి జట్టులో నేను. బాగా ఈదాను. నాలుగు పొడవులు, మూడు మలుపులు. మూడింటిలోనూ ఒక్క చప్పుడు. నా జీవితంలో ఇంత బాగా ఎప్పుడూ ఈదలేదు. ఒడ్డెక్కి ఒణుకుతూ చీటీ తీశాను. నాలుగు.

నాలుగో లేన్‌లో లేఖక్క.

ఐదో చీటీ కవితకు వచ్చింది. మా గది కవితే. ఈతకు అటెండెన్స్ కోసం వస్తుంది. నా చీటీ చూసి పకపకా నవ్వింది — "వామ్మో! నీకే వచ్చిందా ఆమె లేను? ఇగ నువ్వు చెయ్యి ఎత్తినవనుకో, క్యాంపస్ అంత ఏమంటరో ఎరికేనా? సీటు కోసం దోస్తును ముంచిందంటరు!"

ఊరికే అన్నది. కవిత అన్నీ ఊరికే అంటుంది.

"మార్చుకుందామా?" అన్నాను. సార్ విన్నాడు. "చీటీ అంటే చీటీ. నిలవడుండ్రి."

మొదటి మలుపు: లేఖక్క వచ్చింది. టప్. ఒక్కటే. టిక్.

సార్ వైపు పోయింది, తిరిగింది. మూడో మలుపుకు మళ్లీ నా వైపు వస్తోంది. ఊపిరి కోసం తల లేచినప్పుడల్లా నోరు ఒక పక్కకు పోతోంది. ఆ భుజం. నేను గట్టు మీద మోకాళ్ల మీద కూర్చున్నాను. గోడకూ నాకూ మధ్య జానెడు.

కుడిచేయి తగిలింది. ఎడమచేయి నీళ్లలోనే ఉంది. ఆ తర్వాత తగిలింది.

టప్–టప్.

నా చేయి ఎత్తలేదు.

ఎత్తాలనుకొని ఆగిపోవడం కాదు. చేయి ఒడిలో ఉంది, ఉండిపోయింది. అది నాది కానట్టు. ఆమె తిరిగి వెళ్లిపోయింది. వెంటనే ఎత్తాలి అని నియమం. ఆ వెంటనే ఎప్పుడు అయిపోయిందో తెలియలేదు.

పెన్ను తీసి రెండో టిక్ పెట్టాను. సంతకం — రజిత. తెలుగులో. గుండ్రంగా. ఒక్క అక్షరం వంకర పోలేదు.

నవంబర్ 9

ఆదివారం. బట్టలు ఉతికాను. తలంటుకున్నాను. మాణికేశ్వర్ నగర్ వైపు పెండ్లి బ్యాండు.

బాపుకు ఫోన్‌లో చెప్పాను, రాలేదని. "అయితేంది? నడుస్తది," అన్నాడు. తర్వాత చాలాసేపు వానల గురించి మాట్లాడాడు.

నవంబర్ 10

అందరూ నన్ను మెచ్చుకుంటున్నారు. ఎంత హుందాగా ఓడిందో అని. సార్ కూడా భుజం తట్టాడు. "బావిల పడ్డ మేక తీర్గ ఈదుతుండె, ఇయ్యాల మనిషి తీర్గ ఈదినవ్."

హుందా. ఈ మాట నాకు ఇష్టంగా ఉండేది.

నవంబర్ 11

పూల్ దగ్గర లేఖక్క. డబ్బా నిండా సున్నుండలు, ఆంటీ పంపింది. నాకు ఒకటి చేతిలో పెట్టింది. కళ్లు డబ్బాలోనే.

"మూడో టర్న్ దగ్గర నువ్వేగా ఉంది?"

"ఉన్న."

"ఊఁ."

సున్నుండ మొత్తం ఒకేసారి నోట్లో పెట్టుకున్నాను. ఇద్దరం గబగబా నీళ్లలోకి దిగాం. నీళ్లలో మాట్లాడే పని ఉండదు.

నవంబర్ 12

విమల మేడమ్ సోమవారం ‘ఒక్క నిమిషం’ అని అసైన్‌మెంట్ ఇచ్చారు. కళ్లారా చూసిన ఒక నిమిషాన్ని రాయాలి. నేను ట్రయల్స్ రాశాను. లేఖక్క ఈతను రాశాను. నీళ్ల మీద ఎండ, గట్టు మీద ఒణికే తువ్వాళ్లు, ఆమె రావడం, తిరగడం, గెలవడం. మూడు పేజీలు. రాస్తుంటే హాయిగా ఉండింది. మాటలు వాటంతట అవే వచ్చాయి.

ఇవాళ క్లాసయ్యాక పిలిచారు. ‘ఒరుసుకొని’ కింద చిన్న గీత, పక్కన ‘బాగుంది’. తర్వాత పేజీ తిప్పారు.

"ఇక్కడిదాకా నువ్వు గట్టు మీదే ఉన్నావు. ప్రతి చుక్కా చూశావు. ఈ మూడో మలుపు దగ్గర ఒకేసారి ‘హంసలా మలుపు తిరిగింది’ అన్నావు. హంస ఎక్కడి నుంచి వచ్చిందమ్మా?"

నేను కాగితం అంచు మడిచాను.

"కావాలనే అడుగుతున్నా. మనం చూడనిదాన్ని రాయాల్సి వచ్చినప్పుడే ఇలాంటివి ఎగిరి వస్తాయి. లేకపోతే చూసింది రాయకూడదు అనుకున్నప్పుడు."

కాగితాలు తీసుకున్నాను. మెట్లు దిగాను. సగం మెట్ల దగ్గర కూర్చున్నాను.

మాటలు నన్ను ఎప్పుడూ ఏమీ అడగవు, ఇస్తాయంతే అనుకున్నాను.

నవంబర్ 12, సాయంత్రం

లేఖక్క మీద ప్రేమతో ఎత్తలేదు అని నాలుగు రోజులుగా నాకు నేను చెప్పుకుంటున్నాను. భుజం నొప్పి తెలుసు కాబట్టి. ఆఖరి ఏడాది కాబట్టి. నేర్పింది ఆమే కాబట్టి.

అది అనుకున్నది. చూసింది ఏమిటి?

ఆ క్షణంలో నాకు లేఖక్క మొహం కనబడలేదు. కవిత నవ్వు వినబడింది. సీటు కోసం ముంచిందంటరు.

అంతే. నా పేరు గురించి భయపడ్డాను. నా పేరు కాపాడుకోవడానికి నా పేరే సంతకం పెట్టి అబద్ధం రాశాను. వేరేవాళ్ల లేన్ వచ్చి ఉంటే నా చేయి లేచేది. తప్పకుండా లేచేది.

ఇంకొకటి కూడా రాయాలి. ఈ పుస్తకం ఎవరూ చూడరు కాబట్టి. ఆ చోటు నాకు కావాలి. ఇప్పటికీ.

నవంబర్ 13

అమ్మకు ఫోన్‌లో చెప్పాను. మెస్ వెనక, గిన్నెలు తోమే చప్పుడులో. అమ్మకు పోటీ నియమాలు తెలియవు, మొదటి నుంచీ చెప్పాల్సి వచ్చింది. మధ్యలో "మక్కలకు పిట్టలొచ్చినయి, ఉండు" అని డబ్బా కొట్టి మళ్లీ వచ్చింది.

మొత్తం విని, "ఆ పిల్ల మంచిదేనా?"

"మంచిదే."

"నీకు గోడ తాకుడు నేర్పిందని జెప్పినవు, గా పిల్లేనా?"

"ఆఁ."

"బావిల దుంకేటప్పుడు ఏం జేస్తుంటిమి మనం?"

అర్థం కాలేదు. "ఏం జేస్తుంటిమి?"

"మర్శిపోయినవా? కేకేసి దుంకుతుంటిమి. ‘వస్తున్నా’ అని. కింద ఎవరుంటరో కనవడదాయె. కేకెయ్యకుంట దుంకితే కిందున్నోళ్ల నెత్తి పలుగుతది. నువ్వు కేకెయ్యలే. గంతే. ఇప్పుడన్న ఎయ్యి."

"అందరు ఏమంటరో అమ్మా."

"కేకేస్తే ఎవలేమంటరే? జరుగుతరు."

ఫోన్ పెట్టే ముందు — "మొదలు సారుకు గాదు. గా పిల్లకు జెప్పు. కిందున్నది గా పిల్లనే."

నవంబర్ 14

తార్నాక స్టేషన్ మెట్లు. సాయంత్రం రద్దీ. లేఖక్కను పక్కకు, గోడ దగ్గరికి లాగాను.

"అక్కా, ట్రయల్స్ల మూడో టర్ను రెండు చప్పుళ్లు వచ్చినయి. నేను చెయ్యి ఎత్తలే."

ఆమె నన్ను చూసింది. అంతసేపు చూస్తుందనుకోలేదు.

"నా చెయ్యి నాకు తెలీదా?" అంది. "తగలగానే తెలిసింది. ఇంక అయిపోయింది, ఊరికే ఈదుతున్నా అనుకున్నా ఆఖరి యాభై మీటర్లూ. గోడ తాకి వెనక్కి చూస్తే నువ్వు తల వంచుకుని రాసుకుంటున్నావు. అప్పట్నుంచీ — ఆ రోజు నుంచీ — ఒక్కటే అడగాలని. జాలి పడ్డావా నా మీద?"

"లేదు."

"నిజం చెప్పు రజితా. కుంటిదానికి దారి వదిలినట్టు వదిలావా?"

"లేదక్కా. నన్ను ఏమంటరో అని భయపడ్డ. నీ గురించి అసలు అనుకోనేలే."

మెట్ల మీద జనం మమ్మల్ని తోసుకుంటూ పోతున్నారు. ఆమె మొహంలో ఏదో సడలింది.

"అయితే నయం," అంది.

నాకు కోపం వచ్చింది. ఎందుకో తెలియదు, వచ్చింది. "నీకు తెల్సు గదా? మరి నువ్వే పోయి చెప్పొచ్చు గదా సారుకు? వారం నుంచి ఉండలు పంచుతున్నవు!"

"చెప్పొచ్చు," అంది.

రైలు వచ్చింది. ఆమె ఇల్లు తార్నాకలోనే, రైలెక్కే పని లేదు. అయినా మెట్లెక్కి పైకి వెళ్లిపోయింది.

నవంబర్ 15

కాగితం రాశాను. ఆరుసార్లు. మొదటిది రెండు పేజీలు, ‘క్షమాపణ’ అనే మాట నాలుగుసార్లు. చివరిది:

‘నాలుగో లేన్, మూడో మలుపు. కుడిచేయి ముందు తగిలింది. ఎడమచేయి తర్వాత తగిలింది. నేను చూశాను, విన్నాను. చేయి ఎత్తలేదు. తప్పు లేదని టిక్ పెట్టి సంతకం చేశాను. అది నిజం కాదు. నాకు జట్టులో స్థానం వద్దు. — రజిత.’

సార్ పూల్ ఆఫీసులో కూర్చొని విజిల్ తాడుకు ముడి వేస్తున్నాడు. చదివాడు. మళ్లీ చదివాడు.

"వారానికి యాదికొచ్చిందా?"

"యాదికే ఉండె సార్."

"సీటు రాలేదని పుల్ల పెట్టిందంటరు."

"అంటరు సార్."

"ఆమెకు ఎరికేనా ఇది?"

"చెప్పిన."

కుర్చీలో వెనక్కి వాలాడు. ఆఖరి వాక్యం కింద గోరుతో గీసి చూపించాడు. "గిదేంది? స్థానం వద్దు?"

"నేను సీటు కోసం రాయలేదని..."

"నిజంగ వద్దా?"

కాగితం నా వైపు లాక్కున్నాను.

"కొట్టెయ్. చూసింది మటుకే రాయి. ఎవరికి ఏం ఇయ్యాల్నో నీ పని గాదు, నా పని. మంచిదానివని నేను సర్టిఫికెట్ రాయాల్నా దీని మీద?"

కొట్టేశాను. గీత వంకర పోయింది.

కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "ఆఖరి లిస్టు సోమవారం పంపాలె. పో. స్నానం జేసి ఏమన్న తిను."

విమల మేడమూ యాదగిరి సారూ ఒకరినొకరు ఎప్పుడూ చూసి ఉండరు.

నవంబర్ 16

తెలిసిపోయింది. ఎలా తెలిసిందో తెలియదు. మెస్‌లో నా బల్ల దగ్గర కవిత తప్ప ఎవరూ కూర్చోలేదు. కవిత మాత్రం నా ప్లేట్‌లోంచి అప్పడం తీసుకొని — "నేను ఊకె అన్న ముచ్చటను పట్టుకొని గింత జేస్తివా? నాకు చెప్తలేవేందే నా మాటకు గంత బలమున్నదని!"

నవ్వాను. వారం తర్వాత మొదటిసారి. వెనక బల్ల మీద ఎవరో అన్నది కూడా వినబడింది. రాయను. సగమే వినబడింది కాబట్టి.

నవంబర్ 17

సోమవారం. లిస్టు అంటించలేదు. సార్ రాలేదు. ఆఫీసుకు తాళం.

లేఖక్క కూడా రాలేదు.

ఒక్కదాన్నే ఈదాను. గోడ దగ్గర ఎవరూ లేకపోతే నా చప్పుడు నాకు వినబడదు. తల నీళ్లలో ఉంటుంది. ఇన్నాళ్లూ ఇది గమనించలేదు.

నవంబర్ 18

పొద్దున ఆరు. చలి. నీళ్ల మీద ఆవిరి. తోకలేని నెమలి పూల్ కంచె మీద.

లేఖక్క వచ్చింది. ఎడమ భుజం మీద అడ్డంగా పట్టీలు, అందరికీ కనబడేలా. నా పక్కన కూర్చొని టోపీలోకి జుట్టు దోపుకుంది, ఒక్క చేత్తో. నేను సాయం చేయబోయాను. వద్దనలేదు.

"నిన్న సార్ ఇంటికి వెళ్లాను," అంది. "అంతా చెప్పాను. భుజం సంగతి కూడా."

"ఏమన్నడు?"

"జేబులోంచి నీ కాగితం తీసి చూపించారు. ఏంటే ఆ రాత? నా మీద నాలుగు మంచి మాటలైనా లేవు."

"చూసింది మటుకే రాయమన్నడు."

"తర్వాత స్కూటరెక్కి వెళ్లిపోయారు. ఏమీ తేల్చలేదు. మళ్లీ ఈదిస్తారో, నిన్ను పంపుతారో, నన్నే ఉంచుతారో..." భుజం ఎగరేయబోయి నొప్పికి ఆగింది. "ఆంటీ మీద ఒట్టు, నాకు తెలీదు." వాళ్లమ్మను తానే ఆంటీ అన్నదని ఆలస్యంగా తట్టింది. ఇద్దరం నవ్వాం, అంతలోనే ఆపేశాం.

నాకు ఆ చోటు కావాలి. ఆమెకూ కావాలి. ఇద్దరికీ తెలుసు. నోటీసు ముందు నిలబడ్డ రోజూ తెలుసు. ఆ రోజు ఇడ్లీ తిన్నాం. ఇవాళ దాన్ని మధ్యలో పెట్టుకొని కూర్చున్నాం.

ఆమె నీళ్లలోకి దిగింది. పట్టీలు తడిసి నల్లబడ్డాయి.

"గోడ దగ్గర కూర్చో."

"భుజం..."

"కూర్చోమన్నానా."

అవతలి గట్టుకు నడిచాను. నాలుగో లేన్. మోకాళ్ల మీద కూర్చున్నాను. ఆమె వస్తోంది, ఆవిరిలోంచి, నెమ్మదిగా. నోరు పక్కకు పోతోంది. నేను కళ్లు మూసుకొని విన్నాను.

టప్–టప్.

నా చేయి లేచింది. పూర్తిగా, మోచేయి వంగకుండా. చలిగాలి చంకలోకి వచ్చింది.

ఆమె గోడ పట్టుకొని పైకి చూసింది. నన్ను కాదు, చేతిని.

"ఎన్ని?"

"రెండు."

ఊపిరి అందడం లేదు ఆమెకు. అయినా గోడ వదిలింది.

"మళ్లీ," అంది.